గీత లేని చుక్క

ఆమె నా ముందు మొదటిసారి నోరు విప్పిందే నా పరువు తీయడానికి.

సెమినార్‌లో తెర మీద బొమ్మ చూపిస్తున్నాను. ఒక్కో చుక్కా ఒక ఎకనామిస్టు. ఇద్దరు కలిసి రీసెర్చ్ పేపర్ రాస్తే మధ్యలో గీత. గీతలు ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ పేపర్లు రాస్తున్నారని ఛాతీ విరుచుకుని చెప్పాను.

"పరిచయాలుండబట్టి పేపర్లు వస్తున్నాయా? పేపర్లు రాసేవాళ్ళ చుట్టూ జనం మూగుతున్నారా?" అంది, నా పక్క గదిలో కొత్తగా చేరిన ప్రొఫెసర్.

గబగబా తర్వాతి స్లైడ్‌కి వెళ్ళబోయాను.

"పోనీ, ఇందులో మీ చుక్కేది?"

మూలన చూపించాను. దానికి ఒక్క గీతా లేదు. హాలంతా గొల్లుమంది.

మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర, "ఏమండీ, ఒంటరి చుక్కగారూ!" అని పిలిచింది. ఒళ్ళు మండింది. అంతలోనే ఉపాయం కూడా చెప్పింది.

"కొన్ని యూనివర్సిటీల్లో గదులు లాటరీ తీసి ఇస్తారు. పక్కన ఎవరు పడతారో ఎవరి చేతుల్లోనూ ఉండదు. బాగా రాసేవాళ్ళ పక్కగది దొరికినవాళ్ళు తామూ ఎక్కువ రాశారేమో చూడండి."

చూశాను. రాశారు! పేపర్ నిలబడింది. ఈలోగా ఆమె లేకపోతే నాకు కాఫీ సహించడం మానేసింది.

"సగం బుర్ర మీదే. మీ పేరు కూడా వేద్దాం," అన్నాను.

"వద్దు," అంది. మొహంలో నవ్వు లేదు.

అలిగాను. అసలే నా ఉద్యోగం పర్మనెంట్ చేయాలో వద్దో ఆ నెలలోనే కమిటీ తేల్చాలి. ఒకరోజు హెడ్‌గారు పిలిచి, "మీ కమిటీలోంచి మీ పక్కగది ఆవిడ తప్పుకుంది," అన్నారు. అందులో ఆమె ఉందనే నాకు తెలీదు. వానలో తడుస్తూ వెళ్ళి ఆమె ఇంటి తలుపు తట్టాను.

"పేరు ఇవ్వనన్నారు. ఓటు కూడానా? అంత పనికిరానివాణ్ణా?"

"కలిసి పేపర్ రాసినవాళ్ళూ, చుట్టాలూ కమిటీలో ఉండకూడదు. మీకు ఓటేద్దామనే పేరు వద్దన్నాను."

"మరి ఎందుకు తప్పుకున్నారు?"

"మీ ఫైలు తెరిస్తే మీ మొహమే కనిపిస్తోంది. ఇంక మార్కులేం వేస్తాను?" కిటికీ వైపు తిరిగిపోయింది. "కోఆథరా, చుట్టమా అని హెడ్‌గారు అడిగారు."

"ఏమన్నారు?"

"ఇంకా రెండూ కాలేదన్నాను."

"మీరంటే నాకు చాలా ఇష్టం," అనేశాను. "ఉద్యోగం పోయినా సరే."

"పోదు. పేపర్ బాగుంది. మిగతావాళ్ళకి కళ్ళున్నాయి."

"అయితే ముందు ఏది? కలిసి రాసే పేపరా, చుట్టరికమా?"

"పేపర్ సంగతి జర్నల్ వాళ్ళు తేల్చేసరికి రెండేళ్ళు," అంది, నాకు టవల్ అందిస్తూ. "మా నాన్న ఆదివారం ఖాళీగానే ఉంటారు."