మిద్దె మీదుగా పోయిన అత్త

"అవ్వా, ఎసరు పెట్టు! అత్త విమానం ఎక్కేసింది. మూడు గంటల్లో వచ్చేస్తాది!" అంటూ నేత్ర వంటింట్లోకి పరిగెత్తింది.

భాను అత్త గువాహటిలో నర్సు, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఏడాది తర్వాత బెంగళూరు దగ్గరి చింతామణికి, పుట్టింటికి వస్తోంది. గువాహటి నుంచి బెంగళూరుకు రెండు వేల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు. ఈ సంగతి నేత్ర పొద్దున్నుంచి పాలాయనకు చెప్పింది, ఎదురింటి కుక్కకూ చెప్పింది. కుక్క శ్రద్ధగా వింది.

నాయన నాగేశ్ సెలవు పెట్టి మరీ ఫోన్‌లో విమానం బొమ్మనే చూస్తున్నాడు, తను చూపు తిప్పితే పైలట్ దారి తప్పుతాడన్నట్టు.

చెన్నమ్మవ్వకు ఒక పట్టుదల. బిడ్డ దారిలో ఉంటే, ఇల్లు చేరేదాకా ముద్ద ముట్టదు. సుగర్ మాత్ర మాత్రం ఠంచనుగా వేసుకుంటుంది.

"మూడు గంటలే కదవ్వా, ఉండొచ్చులే," అంది నేత్ర.

మధ్యాహ్నం ఆకాశంలో చప్పుడు. నేత్ర మిద్దె మీద ఎగిరి గంతేసింది. "అదో అత్త! మనింటి మీదనే పోతాండాది! అవ్వా, సంగటి కెలుకు!"

అవ్వ వేడివేడిగా కెలికి, ముద్దలు చేసి మూత పెట్టింది. విమానం మాత్రం వీళ్లింటి దగ్గర ఆగలేదు. బెంగళూరుకే పోయి దిగింది.

తర్వాత అత్త ఫోన్లు మొదలయ్యాయి.

"బ్యాగు ఇంకా రాలేదు."

"బస్సు కోసం నిలబడుండా."

"బస్సెక్కినా. ముందర ట్రాక్టరు పోతాండాది. దానికేం తొందర లేదు."

ముద్దలు చల్లారి గట్టిపడ్డాయి. అవ్వ గడపలో కూర్చుంది. ఆమె చేతులు సన్నగా వణకడం నేత్ర చూసింది.

"తినవ్వా."

"నువ్వే చెప్పితివి కదా పాపా, వచ్చేస్తాదని. వచ్చినాకే తింటా."

అవ్వ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది అనిపించింది నేత్రకు. మాత్ర వేసుకుని తినకపోతే సుగర్ పడిపోతుందని అత్త ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి, లోపలికి పోయి గ్లాసు నిండా బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది.

"అవ్వా, నేను విమానం ఒకటే లెక్కేసినా. బ్యాగు, బస్సు, ట్రాక్టరు మరిచిపోయినా. అత్త ఎప్పుడొస్తాదో నాకు తెలీదు. ఇది తాగు."

"ముట్టనంటి కదే."

"ముద్ద కదా ముట్టనంటివి? ఇది గ్లాసు."

అవ్వ బోసినోటితో నవ్వేసింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేత్ర అక్కడి నుంచి కదల్లేదు.

పొద్దు గూకాక అత్త వచ్చింది. చల్లారిన ముద్దలను మజ్జిగలో పిసుక్కుని అందరూ తిన్నారు.

వారం తర్వాత అత్త తిరిగి బయల్దేరింది. నాయన అప్పుడే ఫోన్‌లో విమానం బొమ్మ తెరిచి కూర్చున్నాడు.

"ఎంతసేపట్లో చేరుతాది పాపా?" అవ్వ అడిగింది.

"మూడు..." అనబోయి నేత్ర ఆగింది. వంటింట్లోకి పోయి రెండు కంచాలు తెచ్చి, ఒకటి అవ్వ ముందు పెట్టింది. రెండోది పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"అత్త హాస్టల్లో చెప్పులిడిచినాక ఫోన్ చేస్తాది. దానికింకా శానా సేపు ఉండాది. నువ్వు తింటేనే నేను తింటా."

అవ్వ కాసేపు గడప వైపు చూసింది. మనవరాలి ఖాళీ కంచం వైపు చూసింది. తర్వాత సంగటి గిన్నె మీద మూత తీసింది.