తెల్లగుడ్డ మలుపులో నీలిలైట్లు

బొల్లారం పోయే దారిలో, మిలిటరీ వాళ్ల పాత గోడ అయిపోయిన చోట, రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. నైట్ క్యాబుల డ్రైవర్లు దాన్ని తెల్లగుడ్డ మలుపు అనేవాళ్లు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. ఎవరి నోటా వినపడలేదు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ లేదు. చిన్న కల్వర్టు, దాని కింద నాలా, కూలిపోయిన పిట్టగోడ. పక్కనే గేటు లేని పెద్ద కాంపౌండు, అందులో కప్పు పడిపోయిన బంగళా. కరెంటు స్తంభం ఉంది. దీపం లేదు.

రాత్రి రెండున్నర దాటాక మాత్రం... రోడ్డు మధ్యలో తెల్లచీర మనిషి నిలబడుతుందట. చెయ్యెత్తి తెల్లగుడ్డ ఊపుతుందట. మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదట. ఆపిన బండి మళ్లీ స్టార్టు కాదట. ఆపకుండా పోయిన బండి తెల్లారేసరికి నాలాలో కనపడుతుందట.

రెండువేల ఏడులో, మాదాపూర్‌లో కాల్ సెంటర్ల ముందు టీ బండి చుట్టూ ఈ ‘అట’లే తిరిగేవి. రాజబాబు వినీ విననట్టు టీ తాగేవాడు. వినకుండా ఉండటం కుదరదు... అతని ఆఖరి డ్రాపు ఆ మలుపు అవతలే.

రాజబాబుది నర్సీపట్నం పక్క పల్లె. భార్య లోవలక్ష్మితో సీతాఫల్‌మండిలో ఒక్క గదిలో కాపురం. ఎవరో వాడేసిన క్వాలిస్ బండి కొని, కాల్ సెంటరుకు తిప్పుతున్నాడు. రాత్రి షిఫ్టు వదిలాక నలుగురిని ఎక్కించుకుని, ఒక్కొక్కరినీ దించుకుంటూ బోయిన్‌పల్లి దాటేసరికి బండిలో ఒక్క భానుప్రియే మిగిలేది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఇల్లు మలుపు దాటాక ఉన్న కాలనీలో.

మొదటిసారి చూసింది ఫిబ్రవరిలో.

క్వాలిస్ పాత లైట్లు... పచ్చగా, నీరసంగా, పది బారలు కూడా అందవు. మలుపు తిరిగీ తిరగకముందే ఆ పసుపు వెలుగు చివర ఏదో తెల్లగా లేచింది. లేచి, ఇటూ అటూ ఊగింది.

భానుప్రియ కేక పెట్టింది.

రాజబాబు బ్రేకు తొక్కలేదు. స్టీరింగు ఒక్క లాగు లాగి, యాక్సిలరేటరు మీద కాలేసి నొక్కాడు. తెల్లనిది కిటికీ పక్కనుంచి జారిపోయింది. అద్దంలోకి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఇంటి ముందు దిగాక కూడా ఆ పిల్ల డోరు వదల్లేదు. “అన్నా... ఈ సంగతి ఆఫీసులో చెప్పొద్దు. మా నాన్నకి తెలిస్తే రేపట్నుంచి షిఫ్టుకి పంపరు. ఉద్యోగం మానిపించేస్తారు.”

“సెప్పన్లేమ్మా. నువ్వు లోపలికెళ్లు.”

“మరి రేపు?”

రాజబాబు బండి తిప్పాడు. ఇల్లు చేరాక నిద్ర పట్టలేదు. తెల్లారుతుంటే ఒక్కటే తోచింది. చీకట్లో సగం సగం కనపడబట్టే కదా భయం! పూర్తిగా కనపడితే దెయ్యమైనా మనిషైనా తేలిపోతుంది.

మధ్యాహ్నానికల్లా రాణీగంజ్ సందులో బ్రహ్మచారి కొట్టు ముందు బండి ఆపాడు.

బ్రహ్మచారి ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్న మనిషి. అప్పుడే కొత్తగా వస్తున్న, కళ్లు చెదిరే హెచ్ఐడీ లైట్ల డబ్బా ఒకటి ముందు పెట్టి, మూత మాత్రం తియ్యలేదు.

“తమ్మీ, గీ బల్బు నీ బండి కోసం చేసింది గాదు. నీ లైటు డోము పాత బల్బు లెక్క మీదనే తయారైంది. దాంట్ల ఇది పెడితే ఎలుగు రోడ్డు మీదనే పడదు, అన్ని దిక్కుల చిమ్ముతది. ఎదురుంగొచ్చెటోని కండ్లు బైర్లు కమ్ముతయ్.”

“రాత్రి మూడు గంటలకి ఎదురెవడొస్తాడు మేస్త్రీ గారూ?”

“ఎవడో ఒకడొస్తడు. సరే, పెడ్తే జెర తెల్లగుండేది పెట్టుకో. నీలంది ఎందుకు?”

“నీలందే పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ కొట్టేది. పట్టపగల్లా ఉండాలి.”

బ్రహ్మచారి అతని మొహంలోకి ఒకసారి చూసి, ఇక వాదించలేదు. బంపరు విప్పి రెండు అల్యూమినియం పెట్టెలు బిగించాడు. వైర్లు లాగాడు. పని అయ్యాక ఒక్క మాట చెప్పాడు. “స్విచ్చెయ్యంగనే పూరా ఎలగది. ముందు ఒక్కపారి కొడ్తది, మల్ల గుడ్డిగైతది. పది సెకండ్లకు సెట్టయితది. గప్పుడు పరేషాన్ గాకు.”

ఆ రాత్రి మలుపు పట్టపగలైంది.

నాలా పక్క గడ్డిపోచలు కూడా లెక్కపెట్టొచ్చు. కూలిన పిట్టగోడ ఇటుకలు, బంగళా గేటు స్తంభాలు, రోడ్డు మీద పగుళ్లు... అన్నీ నీలంగా, ఎముకల్లా తేలాయి. తెల్లచీర లేదు. గుడ్డ లేదు. ఎవరూ లేరు.

“చూసేవా అమ్మా! ఏటీ లేదు!” రాజబాబు గట్టిగా నవ్వాడు.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. ఎదురొచ్చే లారీల వాళ్లు డిప్పరు కొట్టి తిట్టుకుంటూ పోయేవాళ్లు. అతను పట్టించుకోలేదు. టీ బండి దగ్గర మీసం దువ్వాడు కూడా. “దెయ్యం నా లైటు చూసి ఊరొదిలి పారిపోయింది” అని.

ఒక్కటే... మలుపు దాటిన ప్రతిసారీ వెనక నుంచి ఒక చప్పుడు. ఇనుము రాతికి తగిలినట్టు.

ఆరో రోజు భానుప్రియే అంది. “అన్నా, ఏదో పడింది.”

“మన బండిదే. డిక్కీలో జాకీ కదిలుంటది.”

మర్నాడు జాకీ తీసి ఇంట్లో పెట్టొచ్చాడు. చప్పుడు ఆగలేదు. ఆ చప్పుడు వెనకాలే ఇంకోటి కూడా వినపడింది ఆ రాత్రి. సన్నగా... మనిషి మూలిగినట్టు. రేడియో సౌండు పెంచాడు. భానుప్రియ దుపట్టా కొస చెవులకు అదుముకుని కూర్చుంది.

పదకొండో రాత్రి.

మిలిటరీ గోడ అయిపోయింది. బండి ఎడమకు తిరుగుతోంది. బానెట్టు కింద చిటుక్కుమంది. కుడి లైటు పోయింది. రెప్పపాటులో ఎడమదీ పోయింది.

చీకటి!

ఎవరో మొహం మీద దుప్పటి కప్పినట్టయింది. అంత వెలుగుకు అలవాటుపడ్డ కళ్లకు రోడ్డు కాదు కదా, తన చేతులే కనపడలేదు. రాజబాబు బ్రేకు మీద నిలబడ్డాడు. బండి కీచుమంటూ జారి ఆగిపోయింది. ఇంజనూ ఆగింది.

నాలాలో నీళ్ల చప్పుడు. అంతే.

“అన్నా... పోనీ. పోనీ అన్నా...” వెనక నుంచి గుసగుస.

ఇంజను అందుకుంది. లైట్ల స్విచ్చు తడిమి వేశాడు. నీలంగా ఒక్క మెరుపు మెరిసి, వెంటనే తగ్గిపోయింది. గుడ్డి ఊదారంగు మిగిలింది.

ఆ ఊదా మసకలో, బంపరుకు రెండడుగుల దూరంలో... రెండు కాళ్లు.

వెలుగు నెమ్మదిగా పెరుగుతోంది. కాళ్ల మీద తెల్ల అంచు. చీర కుచ్చెళ్లు. వేలాడుతున్న చెయ్యి. ఆ చేతిలో తెల్లగుడ్డ.

ఇంకా పెరిగింది. భుజాలు. మెడ. మొహం ఉండాల్సిన చోట—

అరచెయ్యి. కళ్లకు అడ్డంగా పెట్టుకున్న అరచెయ్యి.

“బంద్ జెయ్ బిడ్డా...” అంది ఆ మనిషి. గొంతు బొంగురుగా, అలిసిపోయినట్టుంది. “నీ లైటు బంద్ జెయ్. నాకు కండ్లు కనవడ్తలెవ్వు.”

రాజబాబు బండి వెనక్కి తీద్దామని గేరు మీద చెయ్యేశాడు.

“నీ కాల్మొక్కుత. ఎదురుంగ సైకిల్ వస్తుంది. ముసలోడు. కల్వర్టు కాడ దారి కనవడదు ఆయనకు. జల్దీ బంద్ జెయ్!”

భయం కంటే ఆ గొంతులోని కంగారే ముందు అతని చెయ్యి కదిలించింది. స్విచ్చు తీసేశాడు.

మళ్లీ చీకటి. ఆ చీకట్లో గుడ్డ గాలిని కొడుతున్న చప్పుడు... ఫట్, ఫట్, ఫట్.

“ఇటు... ఇటు రా... జెర పక్కకు...” ఆవిడ ఎవరికో దారి చెబుతోంది.

ముందు బెల్లు వినపడింది. ట్రింగ్... ట్రింగ్... తరువాత టైరుకు డైనమో రాసుకునే గరగర. ఆపైన చిన్న లైటు, గోరంత పసుపుది, వణుక్కుంటూ మలుపు తిరిగింది. కల్వర్టు అంచు దాకా వచ్చింది. తడబడింది... నిలదొక్కుకుంది. రోడ్డు మధ్యకు జరిగి, క్వాలిస్ పక్కనుంచి సాగిపోయింది. అద్దం దించిన కిటికీలోంచి అప్పుడే కోసిన కొత్తిమీర వాసన గుప్పున కొట్టింది.

బెల్లు దూరమైంది. బోయిన్‌పల్లి వైపు.

“పోయిండు” అంది ఆవిడ. ఊపిరి వదిలింది. “ఇగ నువ్వు పో బిడ్డా.”

రాజబాబు దిగాడు.  దగ్గరికెళ్తే పొగాకు వాసన, రబ్బరు చెప్పులు, ముడతలుపడ్డ చెంపలు. మనిషే. అరవై దాటిన మామూలు ముసలమ్మ! పేరు దేవమ్మ. బంగళా వెనక వాచ్‌మెన్ గదిలో ఉంటుందట.

“ఇన్నాళ్లూ నువ్వేనా అమ్మా? దెయ్యమనుకున్నామే!”

“అనుకోన్రి. నా గుడ్డ జూసి జెర స్లో చేస్తే నాకంతే చాలు. నువ్వు గీ నీలం లైటు పెట్టినకెల్లి నిలవడనీకే వస్తలేదు. కండ్లు మండుతున్నయ్, గోడ చాటుకు పోతున్న. ఇయ్యాల ఏదైతే అదైతదని నడుమల నిలవడ్డ.”

అతనికి సిగ్గేసింది. చేతులు జోడించి, పార్కింగు లైట్ల మీదే మెల్లగా బండి పోనిచ్చాడు. గుండె మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

భానుప్రియ దిగేముందు ఒక్క ప్రశ్న వేసింది. “అన్నా, సైకిలాయన నీకు కనపడ్డాడా?”

“చీకటి కదమ్మా. లైటు కనపడింది.”

“నాకూ లైటే కనపడింది” అని, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున్నే బ్రహ్మచారి కొట్టు తెరిచేసరికి రాజబాబు నిలబడి ఉన్నాడు. “తీసెయ్యండి మేస్త్రీ గారూ. పాతవే బిగించెయ్యండి.”

“గింత జల్దీనా? ఏమైంది?”

“ఎదురొచ్చేవాళ్లకి కళ్లు పోతన్నాయి.”

“నేన్ జెప్పలే!” అన్నాడు బ్రహ్మచారి, స్క్రూడ్రైవరు అందుకుంటూ. రాజబాబు కొట్టులో వేలాడుతున్న ఎర్రటి మెరుపు స్టిక్కరు పట్టీ ఒకటి అడిగి తీసుకున్నాడు. లైటు పడితే దూరం నుంచే మెరిసేది.

రెండు రాత్రులు పాత లైట్లతో వెళ్లాడు. గుడ్డ కనపడగానే బండి ఆపి, లైట్లు తీసి, బెల్లు దాటిపోయేదాకా ఆగాడు. వెనక ఏ చప్పుడూ లేదు. భానుప్రియ కూడా ఇప్పుడు చెవులు మూసుకోవడం లేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం లోవలక్ష్మి ఇచ్చిన అరిటిపళ్లు, ఆ స్టిక్కరు పట్టుకుని కాంపౌండులోకి వెళ్లాడు. దేవమ్మ గడప మీద కూర్చుని ఆకు నములుతోంది. ఎండలో చూస్తే ఇంకా చిన్నగా, బక్కగా ఉంది.

“నీ సైకిలాయనకి అమ్మా ఇది. వెనక మడ్‌గార్డుకి అంటిస్తాను. ఏ లైటు పడ్డా మెరుస్తాది. నీకేమవుతాడాయన?”

“మా ఇంటాయన.”

“అలాగా! మరి ఈ వయసులో, ఆ టైముకి...”

“ఆకుకూరలు గదా బిడ్డా. నాలుగింటికల్ల మార్కెట్ల ఉండాలె. లేకుంటే వాడిపోతయ్.” ఆవిడ లేచింది. “రా. సైకిల్ ఎనక ఉన్నది.”

గది వెనక్కి తిరిగారు.

సైకిలు గోడకు ఆనించి ఉంది. ముందు చక్రం రెండుగా మడిచిన అప్పడంలా వంగిపోయి ఉంది. హ్యాండిలు పక్కకు తిరిగిపోయింది. కమ్మీల మధ్యలోంచి దొండ తీగ పాకి, సీటు మీద కాయలు కాసింది. డైనమో లైటు అద్దం పగిలి, లోపల పిట్ట గూడు. తుప్పు లేని చోటు బెత్తెడు లేదు.

రాజబాబు చేతిలో స్టిక్కరు చుట్ట అలాగే ఉండిపోయింది.

“నాలాలకెల్లి ఆయన్ని, దీన్ని ఒక్క పారే తీసిన్రు” అంది దేవమ్మ, తీగ పక్కకు తొలగిస్తూ. “వచ్చే నెలకు మూడేండ్లు. లారీ లైటు కండ్లల్ల పడ్డది. గప్పటిసంది రాత్రి ఆయన పోయేదాక నిలవడ్త. మూడేండ్లల్ల ఒక్కనాడు పడనియ్యలే. మొన్న... నీ లైటుకు, పది రాత్రులు... రోజూ పడ్డడు బిడ్డా. గోడ చాటుకెల్లి ఇంటున్న, ఏం జేస్త?”

దూరంగా రైలు కూత. పిట్ట ఒకటి డైనమో లైటులోంచి తల బయటపెట్టి, మళ్లీ లోపలికి లాక్కుంది.

రాజబాబు వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు.

దేవమ్మ కొంగుతో మడ్‌గార్డు మీద తుప్పు తుడిచింది. శుభ్రంగా, రెండుసార్లు. తరువాత అతని వైపు తిరిగి, చెయ్యి చాపింది.

“అంటియ్యి బిడ్డా. ఎనకకెల్లి సుత బండ్లొస్తయ్.”