పద్నాలుగు నోటుపుస్తకాల్లో ఒకే తప్పు

పీఠభూమి మీద మూడు రాత్రుల మంచుకు గడ్డకట్టిన బంగాళాదుంపలు పొద్దుటి ఎండ తగిలి మెత్తబడ్డాయి. సతుర్నీనా లంగా పైకి దోపుకుని ఒట్టి కాళ్లతో తొక్కుతోంది. నీళ్లు పిండుకుపోవాలి, తొక్క ఊడాలి, తర్వాత ఎండాలి. అప్పుడే అది చున్యో. ఏళ్ల తరబడి నిలవుంటుంది.

"అమ్మా, బడికెళ్తున్నా. పొయ్యి మీద జావ ఉంది, తాగు," అంది కూతురు యోవానా.

"నీ జావ నాకక్కర్లేదు. ఇవాళ తల్లుల సభలో, బడిలో పిల్లలకి నీ ఫోన్లు వద్దని చెయ్యెత్తేది నేనే. ముందే చెప్తున్నా!"

యోవానా ఆ ఊరి పంతులమ్మ. సతుర్నీనా తల్లుల సంఘానికి పెద్ద. ఆమె చెయ్యెత్తితే మిగతా చేతులన్నీ లేస్తాయి.

"కన్నకూతురి నోట్లో మట్టి కొడతావా?"

"కొట్టింది నేనా? చున్యో గురించి రాసుకురమ్మంటే పద్నాలుగు మంది పిల్లలూ ఫోన్లో చూసి ఎక్కించారు. చాకుతో తొక్క తీసి, ఆ తర్వాత గడ్డకట్టించాలట! ఊరంతా నవ్వింది. నీ కూతురు నాయ్రా కూడా అదే రాసింది. పోయిన వారం నా పక్కన నిలబడి తొక్కిన పిల్ల!"

యోవానా మొహం ఎర్రబడింది. "తప్పు నాదేనమ్మా. వెతకమన్నాను గానీ, ఎలా వెతకాలో చెప్పలేదు. ఇవాళ చెప్తాను. వచ్చి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

సతుర్నీనా బడికి వెళ్లింది. చేతులు కట్టుకుని గోడవారగా కూర్చుంది.

పిల్లలు చూసి ఎక్కించిన ఆ పేజీనే యోవానా ఫోన్లలో మళ్లీ తెరిపించింది. "ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? కళ్లారా చూసి రాశారా?"

పిల్లలు పైకీ కిందికీ జరిపి చూశారు. పేరు లేదు, తేదీ లేదు.

"అయితే నమ్మొద్దు. మన పీఠభూమి పేరు కలిపి వెతకండి. 'కాళ్లతో తొక్కడం' అన్న మాటలు విడిపోకుండా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి."

పిల్లలు ఫోన్ల మీదికి వంగారు. ఆ తర్వాత ఒకటే కేక. "దొరికింది టీచర్! మ్యూజియం వాళ్లది! పేరుంది, తేదీ ఉంది!"

"ఎన్ని రాత్రులు మంచులో ఉంచాలో మాత్రం ఇందులో లేదు," అంది నాయ్రా.

సతుర్నీనాకు నోరు ఆగలేదు. "మూడు! ఆకాశంలో మబ్బుండకూడదు!"

"అమ్మమ్మా, దీంట్లో చెప్పు!" నాయ్రా పరుగెత్తుకొచ్చి ఫోన్ ముందు పెట్టింది. మాట్లాడితే అదే రాస్తుందట, పైసా అక్కర్లేదట. సతుర్నీనా చెప్పుకుంటూ పోయింది. ఆమె మాటలు చీమల బారులా తెర మీదికి నడిచొచ్చాయి. పిల్లలంతా ఫోన్లో కలిసి రాసుకునే తరగతి పేజీలో వాటి కింద నాయ్రా ఇంకో వరుస చేర్చింది.

సతుర్నీనా అక్షరాలు దిద్దింది యాభై దాటాకే. ఆ వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. రాసినవారు: సతుర్నీనా చోకె. రెండోసారి చదువుతుంటే కళ్లు మసకబారాయి.

సాయంత్రం సభలో ఫోన్లు వద్దనేవాళ్లను చెయ్యెత్తమన్నారు. అందరూ సతుర్నీనా వైపు చూశారు. ఆమె చేతులు శాలువాలోంచి బయటికి రాలేదు. కావాలనేవాళ్లను అడగ్గానే రెండూ ఒకేసారి లేచాయి.

"ఒక్క చెయ్యే లెక్కకొస్తుందక్కా!" అంది పక్కింటి రెమెదియోస్. సభంతా నవ్వింది.

ఇంటిదారిలో సతుర్నీనా ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఏమే యోవానా, నా పేరు పక్కన తేదీ వేశారా?"

"అయ్యో, మర్చిపోయామమ్మా."

"పద, వెనక్కి పద! తేదీ లేకపోతే నా మాట ఎవరు నమ్ముతారే?"