రెండో చీటీకి రానివాళ్లు

"పదకొండింటికి ఓటింగ్. ఆ గుండె మాత్రకి అనుమతి రాకూడదు," అన్నాడు చీఫ్.

"రాదు సార్." ఏజెంట్ నైన్ చీఫ్ కళ్లలోకి చూడలేకపోయాడు.

ట్రయల్ ఫలితాల్ని విదేశీ ముఠా ఎప్పుడో వండేసింది. తాత్కాలిక అనుమతితో ఇప్పటికే ఆ మాత్ర వాడుతున్న ఆసుపత్రుల రికార్డుల్లోనూ అదే ఫలితం తేలితేనే కమిటీ నమ్ముతుంది. అందుకే ముఠా డేటా రూములో వేలు పెట్టింది. ఆరు నెలలుగా నైన్ అక్కడ గుమాస్తా.

చీఫ్‌కి చెప్పనిది ఒకటుంది. ముఠా నమ్మకం కోసం వాళ్లడిగిన రూలుకి టిక్కు పెట్టింది తనే. రెండో నెల మందుల చీటీ రాయించుకున్నవాళ్లనే లెక్కించాలట. మామూలు రూలే అనిపించింది. లెక్క ట్రయల్‌తో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

పోయినవాళ్లు రెండో చీటీకి రారని ఆలస్యంగా వెలిగింది. మొదటి నెలలోనే నలభై ఒక్కరు పోయారు. అందులో అక్క భర్త ఒకడు. "మంచి మందట, వేసుకో బావా," అని బతిమాలింది కూడా తనే. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

పది యాభై రెండు. కమిటీ హాల్లో ల్యాప్‌టాప్ పక్కన ఎర్ర స్కార్ఫ్ మేడం, డేటా రూము బాస్. ముఠా మనిషే, మన మనిషి కూడా. ఏ రోజు ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి.

"ఏసీ ఎక్కువైంది మేడం," అన్నాడు నైన్. మనవైపుంటే 'శాలువా తెచ్చాను' అనాలి.

"నాకేం చలి లేదే," అందామె. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ గొట్టం అతని పక్కటెముకకి తగిలింది. "ఆ టిక్కు నీ లాగిన్‌తో పడింది. తీస్తే దొరికేది నువ్వే."

"తెలుసు."

వాచీలోని చిప్ ల్యాప్‌టాప్‌కి ఆనించాడు. లాక్ తెరుచుకుంది. టిక్కు తీసేశాడు. పది యాభై తొమ్మిది. హాలు తెర మీద అంటుకుని నడుస్తున్న ట్రయల్ గీత, ఆసుపత్రుల గీత విడిపోయి, రెండోది నిలువునా కిందికి జారింది. పక్కన 'మొదటి నెల మృతులు: 41' అని పడింది.

"ఈ నలభై ఒక్కరూ ఇప్పటిదాకా ఏమయ్యారు?" చైర్మన్ అరిచాడు. "ఎవరు తీసేశారు?"

"నేనేనండీ," అన్నాడు నైన్. "అందులో మా బావ కూడా ఉన్నాడు."

అనుమతి ఆగిపోయింది. మేడం హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వేసుకుంది. "ఇవాళ్టికి మీ మనిషిననే అనుకో."

నైన్ వరండాలోకొచ్చి ఫోన్ తీశాడు. పిస్టల్ ముందు చెయ్యి వణకని మనిషికి, అక్క నంబరు నొక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది.