కృపావరం వేలిముద్ర

2003లో తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. కిటికీ అవతలే ఊక గుట్ట. టీ గ్లాసులో కూడా ఊక తేలేది.

ఆ జూలైలో కృపావరం అనే కూలీ ఎడమచెయ్యి ధాన్యం పైకెత్తే ఎలివేటర్ బెల్టులో పడి మణికట్టు దగ్గర తెగిపోయింది. మూడో రోజు ఏలూరు ఆసుపత్రిలో పోయాడు. వాళ్లావిడ మిల్లు మీద నష్టపరిహారం దావా వేసింది.

మా యజమాని బాపిరాజు గారికి ప్లీడరు ఒక దారి చూపించాడు. చనిపోయినవాడి పేరు కార్మికుల బీమా ఈఎస్ఐలో ఉంటే ఆవిడకి అక్కడి పింఛనే. యజమాని మీద దావా చెల్లదు. కృపావరం పేరు అందులో లేదు. ప్రమాదానికి ముందు తేదీ వేసి ఫారం నన్నే నింపమన్నారు. నింపాను.

వేలిముద్ర మిగిలింది. ఆయన ఇంకు ప్యాడ్ నా ముందుకి తోశారు.

"నీది వేసెయ్యమ్మా తహసీన్. వాడి చెయ్యే లేదు, పోల్చి చూసేదెవరు?"

మా అబ్బాకి చూపు లేదు. ఇల్లు నా జీతం మీదే. సరేనండి అన్నాను.

అంతలో కరెంటు పోయి గదంతా చీకటైంది. ఆయన జనరేటరు చూడ్డానికి వెళ్లారు. మిల్లంతా నిశ్శబ్దం. తడి ఊక వాసన... అందులో కలిసి, మాంసం కడిగిన నీళ్ల వాసన.

టప్... టప్...

కరెంటు లేకుండానే బెల్టు కదులుతోంది.

తొందరగా ముగించేద్దామని ఎడమ బొటనవేలు ఫారం మీద ఆనించాను. నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా. గరుగ్గా. తడిమి చూశాను... మణికట్టు దాకానే ఉంది.

"ఇంకాస్త గట్టిగా నొక్కండమ్మా," అంది చెవి పక్కన గొంతు, ఎంతో మర్యాదగా.

లైట్లు వచ్చాయి. గదిలో ఎవరూ లేరు. ఫారం మీద ముద్ర నిండుగా పడింది.

ఏడాది తిరిగాక దావా విచారణకొచ్చింది. ఎదురుగా కృపావరం భార్యని చూస్తూ ఉండలేకపోయాను. ఆ ముద్ర నాదేనండీ అని జడ్జిగారికి చెప్పేశాను. నా ముద్ర తీసుకుని, ఫారంతోనూ, బ్యాంకులో కృపావరం ఎప్పుడో వేసిన ముద్రతోనూ కలిపి నిపుణుడికి పంపారు.

మూడూ ఒకరివేనని రిపోర్టు వచ్చింది. కృపావరంవి.

నా కాగితం ఎక్కడో తారుమారై ఉంటుందన్నారు. ఫారం మాత్రం అసలుదేనని తేల్చి దావా కొట్టేశారు.

వరండాలో ఆవిడ నన్ను తిట్టలేదు. నా ఎడమచెయ్యి అందుకుని బొటనవేలు తిప్పి చూసింది.

"ఈ కొడవలి గాటు మా ఆయనది," అంది మెల్లగా.

నేను కొడవలి పట్టి ఎరగను. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను... రాలేదు. నా వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని, ఆవిడ చేతిని పట్టుకున్నాయి.