దానయ్య ఇంటి కూత

మూడో వీధి జల్లెడలు సరిచూసి కుందన నాలుగో వీధిలోకి వచ్చేసరికి అలలు ఇళ్ల గోడలకు దగ్గరగా వచ్చి విరుగుతున్నాయి. చప్పుడు లేదు. నురగ లేస్తుంది, ఇసుక తడుస్తుంది, చెవికి మాత్రం ఏమీ రాదు. ఉప్పెన తరువాత నీలరేవులో మొదట తొలగించిన మీట సముద్రపు హోరే. చెవి వెనుక మినపగింజంత జల్లెడ పెట్టుకున్న వాళ్లెవరికీ ఇక్కడ సముద్రం వినబడదు. స్వస్థకేంద్రం పని మీద వచ్చే కుందనకు కూడా జల్లెడ తప్పదు, అది నియమం.

ఉప్పెన రాత్రిని మళ్లీ కళ్ల ముందుకు ఈడ్చుకొచ్చేది ఏదైనా మీటే. ఒకరికి రేకుల మోత, ఒకరికి కుక్క అరుపు. మీట తీసేస్తే ఎదురురాత్రి, అంటే ఆ రాత్రి మళ్లీ మనిషిని కమ్ముకోవడం, రాదు, ఎదురురాత్రి రాకపోతే రోగం నయమైనట్టేనని స్వస్థకేంద్రం లెక్క. పుండు మీద గుడ్డ కప్పి మానిపోయిందనడం లాంటిది ఆ లెక్క. కుందనకు ఆ అనుమానం ఉంది. అయినా రోజూ వస్తోంది.

ఈ రోజు దానయ్య చికిత్స ముగుస్తుంది. కుందన చేతిపలక మీద వేలిముద్ర వేస్తే, అతని కోసం తొలగించిన మీట కేంద్రం భాండారంలోంచి కూడా చెరిగిపోతుంది. ఆ తరువాత దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

దానయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"నిద్ర పడుతోందా, దానయ్య గారూ?"

"సుబ్బరంగా పడతాది."

"పిల్లలు?"

"పిల్లలేటి? మాకెవులూ లేరు గదమ్మా," అన్నాడు నవ్వుతూనే. వల భుజాన వేసుకుని పడవ వైపు నడిచాడు. కుడిచెయ్యి తొడ పక్కన కొంచెం కిందికి వేలాడుతోంది. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. పక్కన ఎవరో అందుకోలేకపోతున్నట్టు చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడు. చేతిపలక తనంతట తానే నమోదు చేసింది: ఒంటిదాటు, స్వల్పం, హాని లేదు. మనసు మరిచింది ఒంట్లో బయటపడితే కేంద్రం పెట్టిన పేరు ఒంటిదాటు.

"సూసినావా పాపా?" గుమ్మంలోంచి అతని భార్య నూకరత్నం అంది. "ఉప్పెన కాడ్నించీ అలగే నడుస్తాడు. పక్కన ఎవులున్నారో ఆయనకే తెల్దు."

నీలరేవులో ఇంటికొక కూత ఉండేది. చీకట్లో పడవ దారి తప్పితే ఒడ్డు నుంచి ఇంటివాళ్లు తమ కూత వేసేవారు, పడవ దాన్ని పట్టుకుని వచ్చేది. ఆ రాత్రి దానయ్య మిద్దె ఎక్కి కూతురు పైడి కోసం తమ ఇంటి కూత వేశాడు. ఎదురింట్లో దాక్కున్న పిల్ల అది విని వీధిలోకి పరుగెత్తింది. నీళ్లూ అప్పుడే వచ్చాయి. అతని మీట ఆ కూతే. కూతతో పాటు పిల్లా అతని జ్ఞాపకంలోంచి పోయింది.

"కడలికి పోయినోల్ని కూతేసి పంపాల," అంది నూకరత్నం. "ఇంక రావొద్దులే, ఎల్లు, అనాల. ఎవులు పిలిసినారో ఆలే అనాల. నానంటే సాల్దు. ఆయన అన్లేదు. పిల్ల ఇంకా ఆ పిలుపుకే వస్తంది పాపా. నాను కూతేస్తే నా గొంతు నాకే ఇనబడదు."

"జల్లెడ తెరిస్తే ఆయన తట్టుకోలేకపోవచ్చు. ఎదురురాత్రిలోకి వెళ్లి కొందరు తిరిగి రాలేదు."

"ఇప్పుడు మాత్రం ఇక్కడున్నాడేటి?"

కుందనకు భయం వేసింది. ఒక్కరి జల్లెడ తెరవడం కుదరదు, తెరిస్తే వీధి మొత్తం తెరుచుకుంటుంది. చేతిపలక వేలిముద్ర కోసం ఎదురుచూస్తోంది. ఆమె వేలు ముగింపు గడి దాటి, తెరుపు గడి మీద ఆనింది.

ముందు సముద్రం చప్పుడు మీద పడింది. ఇన్నేళ్లూ ఇంత హోరు పక్కన నడిచానా అనుకుంది కుందన. నూకరత్నం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూత వేసింది. పొడుగ్గా సాగి, రెండుచోట్ల విరిగి, చివర పైకి లేచే కూత.

పడవ దగ్గర దానయ్య ఆగిపోయాడు. మరుక్షణం నీళ్లలోకి పరుగెత్తాడు.

మోకాలిలోతులో కుందన అతన్ని పట్టుకుంది. మనిషిని కాళ్ల కింది నేల మీదికి తిరిగి తెచ్చే నేలపట్టు, కేంద్రం నేర్పడం మానేసింది, అదొక్కటే ఆమెకు గుర్తొచ్చింది.

"దానయ్య గారూ, కాళ్ల కింద ఏముంది?"

"నీళ్లు."

"నీళ్ల కింద?"

"ఇసక."

"చేతిలో?"

ముడుచుకున్న వేళ్ల వైపు అతను చాలాసేపు చూశాడు. "పైడి," అన్నాడు. "నాను పిలిస్తేనే వచ్చింది. నాను పిలవబట్టే."

ఏడుపు అతన్ని వంచేసింది. కుందనకూ ఏడుపు వచ్చింది. "కాళ్లు ఇసుకలోనే ఉంచండి. ఎంతసేపైనా నేనుంటాను," అంది.

చివరికి అతను తలెత్తి అదే కూత వేశాడు, చిరిగిన గొంతుతో. "ఇంక రావొద్దులే అమ్మా. ఎల్లు." వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

నడుము దగ్గర చేతిపలక అడిగింది: నాలుగో వీధి జల్లెడ తెరిచి ఉంది, మూయాలా?

కుందన వెనక్కి తిరిగింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం సముద్రం వైపు వస్తున్నారు. ఒకరి చెయ్యి నడుము ఎత్తున, ఒకరిది మోకాలి ఎత్తున, ఒక ముసలామెవి రెండు చేతులూ రొమ్ము దగ్గర. అందరి వేళ్లూ ముడుచుకునే ఉన్నాయి. వాళ్లందరి పేర్ల పక్కనా హాని లేదనే ఉంది.

ముందున్న మనిషి నోరు తెరిచి తన ఇంటి కూత వేశాడు.

"వద్దు," అంది కుందన చేతిపలకతో.