ఉతికిన నక్షా

తూము నక్షా పోయింది ఒక సోమవారం నాడు.

సైదులు ఆదివారం దేవరకొండ దగ్గరి తన ఊరికి పోయి, తెల్లవారి మొదటి బస్సుకు, ఆనకట్ట కడుతున్న నందికొండలో దిగాడు. డ్రాయింగు హాలు వెనుక, నల్లా దగ్గరి తీగ మీద తెల్లటి మెత్తటి గుడ్డ ఒకటి ఆరుతున్నది. ఎవరో ధోవతి ఉతుక్కున్నారనుకున్నాడు. మంచి సన్నగుడ్డే అనుకుంటూ లోపలికి వెళ్ళాడు.

లోపల అతని బల్ల ఖాళీగా ఉంది.

నక్షా గుడ్డ అంటే మామూలు గుడ్డ కాదు. సన్నటి బట్టకు దిట్టంగా గంజి పట్టించి, అద్దంలా నున్నగా చేసి పంపుతారు. పెన్సిలుతో పటం గీసిన కాగితం మీద దాన్ని పరిచి, కింద కనిపించే గీతలను నల్లసిరాతో ఎత్తుకోవాలి. కట్టేవాళ్ళకు పంపే నీలి అచ్చులు తీసేది దాని నుంచే. ఎడమ కాలువ తూము నక్షా మీద సైదులు పంతొమ్మిది రోజులు నడుము వంచి కూర్చున్నాడు. నెలాఖరుకు అది అచ్చుకు పోవాలి.

పక్క స్టూలు మీద బీరమ్మ కూర్చుని కలం తుడుస్తున్నది. కొత్తకోట పక్క పల్లెలో గొర్లు కాసుకునే వాళ్ళ బిడ్డ. పాలమూరు హాస్టల్లో ఉండి మెట్రిక్ పాసయింది. ముప్పై మంది మగవాళ్ళున్న ఆ హాలులో మొదటి ఆడపిల్ల. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రఘుపతి గారు పైవాళ్ళతో వాదించి ఆమెకు ఆరు నెలల శిక్షణ ఇప్పించాడు. నేర్పే పని సైదులుకు అప్పగించాడు. ఆమె నిలబడితే ఇంకో ఇద్దరు ఆడపిల్లలను తీసుకుంటారు. నిలబడకపోతే ఆ ముచ్చట మళ్ళీ ఎత్తవద్దన్నారు. ఆ ఆరు నెలలు ఈ నెలతో అయిపోతాయి.

"నక్షా ఏది బీరమ్మా?"

"ఆరుతాంది సారూ."

"ఏంది?"

"రాళ్ళు పేల్చిన దుమ్మంత దాని మీదనే ఉండె. ఉతికిన. సబ్బు పెట్టలే, ఉత్త నీళ్ళే."

సైదులు వెనక్కి పరుగెత్తాడు. గంజి పోయింది, గంజితో పాటు గీతలూ పోయాయి. ఒక మూలన ఉత్తర దిక్కు చూపే బాణం తోక మాత్రం మిగిలింది. ఆ గుడ్డను చేతిలో పట్టుకుని లోపలికి వచ్చేసరికి హాలులో అందరూ లేచి నిలబడి చూస్తున్నారు.

"గొర్రెను కడిగినట్టు కడిగినవ్," అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "గొర్లు కాసేటోళ్ళకు బల్ల ఎందుకని అందరన్నరు. నేనే ఇనలే."

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే మిగతావాళ్ళకూ నవ్వు వస్తుంది. బీరమ్మ ఏడవలేదు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, అతని ముఖంలోకి చూసి మెల్లగా అన్నది.

"మురికి కానియ్యకు అని మీరే చెప్పి పోయిండ్రు. సిరా నీళ్ళకు పోదని చెప్పింది గూడ మీరే. గుడ్డకు నీళ్ళు పడవని మాత్రం చెప్పలే."

సైదులు ఆ గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు.

ఆ మధ్యాహ్నం రఘుపతి గారు అతన్ని పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. నేర్పిన మనిషిగా ఆమె పని మీద అభిప్రాయం రాయాలి. రెండు వాక్యాలు చాలు. సైదులు కలం పట్టుకున్నాడు. తాను ఈ హాలులో చేరిన మొదటి వారం గుర్తొచ్చింది. నుదుటి నుంచి ఒక చెమటచుక్క రాలి గుడ్డ మీద పడితే, అక్కడ గీత మొత్తం చెదిరిపోయింది. అప్పటి సీనియరు వేళ్ళ మీద స్కేలుతో కొట్టాడు. ముందుగా చెప్పినవాళ్ళు లేరు. దెబ్బతో తెలిసింది కాబట్టి, అది అందరికీ తెలిసిన సంగతే అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాడు.

"తప్పు నాది సార్," అన్నాడు. "నేర్పవలసింది నేర్పలేదు. తిట్టవలసినదానికన్నా ఎక్కువ తిట్టిన."

రఘుపతి గారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయని, నక్షాను ఎడమ నుంచి ఆమె, కుడి నుంచి అతను గీసుకుంటూ రావాలని, రెండూ నడుమ కలవాలని చెప్పాడు. అంతవరకు ఆ కాగితం తన సొరుగులోనే ఉంటుందన్నాడు.

సాయంత్రం సైదులు బీరమ్మ దగ్గరికి వెళ్ళి, అందరూ వినేటట్టుగానే, పొద్దున తాను అన్న మాట తప్పని చెప్పాడు. ఆమె సరే అనలేదు, కాదనలేదు. రేపు ఎండ ఎక్కకముందే రావాలని, చెమట పట్టకుండా గీయవచ్చని మాత్రం చెప్పింది.

మర్నాటి నుంచి ఆరు గంటలకే ఇద్దరూ బల్ల దగ్గరుండేవాళ్ళు. ఈసారి సైదులు ఏదీ వదలకుండా చెప్పాడు. గుడ్డ మీద సుద్దపొడి ఎందుకు రుద్దాలో, మణికట్టు కింద రుమాలు ఎందుకు పరచాలో, కలం మరలను ఎంత బిగిస్తే గీత ఎంత సన్నబడుతుందో, ఒక్కొక్కటీ చెప్పాడు. కొన్ని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి మొదలుపెడితే ఆమె నవ్వింది.

"సారూ, నీళ్ళు తాగొచ్చునా, అది గూడ గుడ్డకు పడదా?"

"దూరం పోయి తాగు."

నాలుగో రోజుకు అతను తన గీతను, ఆమె గీతను పక్కపక్కన పెట్టి చూశాడు. ఆమెదే బాగుంది. మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు. ఎట్లా అని అడిగాడు.

"మా అవ్వ ఉన్ని వడికేది. పోగు తెగొద్దంటె ఊపిరి జర ఆపాలె అని చెప్పేది." అతని గీత వైపు తల వంచి చూసింది. "మీ గీత కల్లు తాగొచ్చినట్టుంది."

"అది వంపు గోడ."

"వంపు గోడైతే ఒక్క దిక్కే వంగాలె గద సారూ."

రఘుపతి గారు ఆ మాట విని, విననట్టే ముందుకు వెళ్ళిపోయాడు. కానీ ఆ రోజంతా హాలులో ఆయన నడక తేలికగా ఉంది.

తొమ్మిదో రోజుకు రెండు సగాలూ దగ్గరకొచ్చాయి. ఒకరి మోచేయి ఇంకొకరికి తగలకుండా గీయడం కష్టమైంది. ఒకరు గీస్తుంటే ఇంకొకరు ఊపిరి బిగపట్టి ఆగేవాళ్ళు. గీత కోసం ఆపవలసిన ఊపిరి, గీత అయిపోయాక కూడా కాసేపు ఆగే ఉండటం సైదులు గమనించాడు. ఆమె గమనించిందో లేదో తెలియలేదు. ఆమె చూపు గుడ్డ మీదే ఉంది, పెదవి చివర మాత్రం కొంచెం వంగింది. ఆ వంపు ఒక్క దిక్కే ఉంది.

పదకొండో రోజు మబ్బు పట్టింది. బీరమ్మ వానకు కప్పుకోవడానికి గొంగడి తెచ్చుకున్నది. మధ్యాహ్నం మిగతావాళ్ళు తిండికి పోయిన వేళ వాన ఒక్కసారిగా దిగింది. రేకుల కప్పు మీద చప్పుడుకు మాట వినిపించడం లేదు. సరిగ్గా వాళ్ళ బల్ల పైనున్న రేకు సందులోంచి ధార మొదలైంది. బల్ల జరిపితే గుడ్డ కదులుతుంది, పిన్నులు ఊడతాయి. బీరమ్మ గొంగడి విసిరింది, సైదులు రెండో కొన అందుకున్నాడు. నక్షా మీద పందిరిలా ఇద్దరూ చేతులు చాచి నిలబడ్డారు. గొంగడి మీద పడిన నీళ్ళు జారి ఇద్దరి తలల మీద పడుతున్నాయి. నక్షా పొడిగా ఉంది.

"చేతులు నొస్తున్నయా?" అన్నాడు.

"నొస్తలేవు."

"అయితె ఇంకింత పడని."

"సారూ, మీ దిక్కు కొన దించుతున్నరు. పైకెత్తుండ్రి."

"సారు అనకు."

"మరేమనాలె?"

"ఆలోచించి చెప్పు."

"ఆలోచించెటానికి చేతులు ఖాళీ లేవు."

వాన కొంచెం తగ్గింది. అతను చూపు తిప్పుకోకుండా చెప్పాడు. "నువ్వు పోతె ఈ బల్ల కాడ నేను కూసోలేను బీరమ్మా. పని కోసం చెప్తలేను. నీ కోసం చెప్తున్న."

ఆమె జుట్టు నుంచి చుక్కలు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికి చేయి లేదు.

"నన్ను ఉంచుతరా లేదా, ఆ కాగితం రానియ్యి," అన్నది. "ఉండే మనిషినైనంక గీ మాట మళ్ళ చెప్పు. అప్పుడు వింట."

అంతవరకు మీరు అని పిలిచిన మనిషి, చెప్పుండ్రి అనకుండా చెప్పు అనడం సైదులుకు రాత్రి పడుకున్నాక తట్టింది. తట్టాక నిద్ర పట్టలేదు.

పన్నెండో రోజు పదకొండు గంటలకు రెండు గీతలూ నడుమ కలిశాయి. రఘుపతి గారు భూతద్దం పెట్టి చూశాడు. కలిసిన చోటు ఎక్కడో కనిపించలేదు. ఆయన సొరుగు తెరిచి, కాగితం సైదులు ముందు పెట్టాడు. సైదులు రెండు వాక్యాలకు బదులు తొమ్మిది రాశాడు. రఘుపతి గారు ఆరు కొట్టేసి, కింద సంతకం చేశాడు, బీరమ్మ కొలువు ఖాయమైంది.

అదే రోజు బీరమ్మ తండ్రి మల్లప్ప వచ్చాడు. జరిగిన తప్పు గురించి ఆమే ఇంటికి ఉత్తరం రాసింది. ఆయన చెప్పులు వరండాలో విడిచి, కర్ర గోడకు ఆనించి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పా బిడ్డా, ఇంటికి పోదాం. నలుగురు నవ్విన కాడ నీకెందుకు?"

బీరమ్మ ఆయన చేయి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఎడమ సగం తానే గీశానని చెప్పింది. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో, తలుపు ఎత్తితే ఎటు పోతాయో వేలు తగలకుండా చూపించింది. మల్లప్ప వంగి, ఆ గీతల వెంట చాలాసేపు చూశాడు. ఎండాకాలం మంద నీళ్ళ కోసం ఎన్ని కోసులు నడుస్తుందో ఆయనకు తెలుసు.

"ఈ నీళ్ళు మన దిక్కు వస్తయా?"

"రావు నాయినా. ఇవి కిందికి పోతయి."

"మన దిక్కుకు నక్షా లేదా?"

"లేదు."

మల్లప్ప వరండాలోకి వెళ్ళి కర్ర అందుకున్నాడు. "అయితె నువ్వు గీడనే ఉండు. మన దిక్కుది గీసేనాడు మనోళ్ళొకరు బల్ల కాడ ఉండాలె," అన్నాడు.

బస్సు దాకా సాగనంపడానికి సైదులు కూడా వెళ్ళాడు. దారిలో ఆమెకు చెప్పిన మాట మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇద్దరూ వింటుండగా. సోమవారం నాడు తాను నోరు జారిన సంగతి కూడా దాచలేదు. మల్లప్ప కర్ర చేయి మార్చుకున్నాడు.

"మా ఇంటికొస్తె మంద పక్కనే పండుకోవాలె. పంటవా?"

"పంట."

"బిడ్డనడుగు."

బీరమ్మ ముందు నడుస్తున్నది, వెనక్కి తిరగలేదు. "వింట అన్న గద," అన్నది. "విన్న."

బస్సు ఎక్కబోయే ముందు మల్లప్ప సైదులు తల మీద చేయి పెట్టాడు. పెళ్ళి మాటలకు అతని తల్లిని తోలుకుని రమ్మన్నాడు. ఆ తల్లి మొదట ఒప్పుకోలేదు, దసరా దాటాక ఒప్పుకున్నది. ఫాల్గుణంలో పెళ్ళయింది. పైవాళ్ళు తీసుకుంటామన్న ఇద్దరు ఆడపిల్లలు ఆ వేసవికి హాలులో చేరారు. వాళ్ళ స్టూళ్ళు బీరమ్మ బల్ల పక్కనే వేశారు.

కొత్తకోట దిక్కు కాలువను ఇంకా ఎవరూ గీయలేదు.